ఆరో తరగతి పిల్లల గోడు ఎవరికీ పట్టదా?

అయ్యా,

ఆరో తరగతిలో చేరిన పిల్లలు బడికి సరిగా రావడం లేదనీ, తల్లిదండ్రులకు శ్రద్ధ లేకపోవడమే కారణమనీ ఓ అధికారి సెలవిచ్చినట్టు పోయిన వారం మీ పత్రికలో చదివాను. పనుల్లో పడి వెంటనే రాయలేదు గానీ కోపం మాత్రం చల్లారలేదు.

ఊరి బడిలో టీచరమ్మ పిల్ల ముఖం చూసి "ఏమ్మా, అన్నం తినలేదా?" అని అడిగేది. హైస్కూల్లో గంట కొట్టినప్పుడల్లా సారు మారతారు. దసరా దాటినా మా మనవరాలు వాళ్ళకు "రెండో బెంచీ అమ్మాయి"యే. మరుగుదొడ్డికి గడియ లేదు. వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళే తాగదు, సీసా నిండుగా ఇంటికొస్తుంది. సోమవారం తెల్లారితే కడుపునొప్పి. ఆర్‌ఎంపీ గ్యాస్ మందు ఇచ్చాడు. ఆ నొప్పి ఆదివారం ఎందుకు రాదని మాత్రం ఎవరూ అడగలేదు. ఒళ్ళు మారే వయసు, ఎవరితో చెప్పుకుంటుంది?

ప్రభుత్వాల సంగతి సరేసరి. 2022లో జీవో 117 తెచ్చి మూడో తరగతి పిల్లల్నే చాలాచోట్ల హైస్కూళ్ళకు తోలారు. 2025లో దాన్ని రద్దు చేసి వెనక్కి పంపారు. అంటే కొందరు వెళ్ళి, తిరిగొచ్చి, ఆరుకి మళ్ళీ వెళ్ళాలి! బడులకు ఫౌండేషన్, మోడల్, బేసిక్ అంటూ పేర్లు మార్చడంలో మాత్రం మనవాళ్ళకు సాటిలేదు.

విశాఖలో కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? వందమంది గానీ అంతకు మించి గానీ ఉన్న విద్యాసంస్థలో, పిల్లల మనసు కనిపెట్టి ధైర్యం చెప్పే కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. పరీక్షలప్పుడూ, చదువులో ఒక దశ నుంచి మరో దశకు మారేటప్పుడూ మరింత కనిపెట్టుకుని ఉండాలంది. మా మండలంలో కౌన్సెలర్‌ను చూసినవాళ్ళుంటే చెప్పండి, దండేసి వస్తాం. కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకం కింద బడికి ఇద్దరు టీచర్లను పిల్లల ఆరోగ్యం గురించి చెప్పే 'వెల్‌నెస్ అంబాసిడర్లు' చేశారు. పాపం, యాప్‌లో ఫొటోలు ఎక్కించేసరికే వాళ్ళకు సాయంత్రమవుతోంది. మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అంటారు. పదకొండేళ్ళ పిల్ల చేతిలో ఫోనెక్కడిది? ఉంటే అదీ మా తప్పే అంటారు.

వచ్చే ఏప్రిల్‌లో అయిదో తరగతి పిల్లల్ని ఒకపూట హైస్కూలుకు తీసుకెళ్ళి చూపించండి. జూన్‌లో ఒక్కో సెక్షన్‌కు ఒక్క టీచరైనా పిల్లల పేర్లు నేర్చుకోవాలని చెప్పండి. దీనికి జీవో అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. మరుగుదొడ్డికి గడియ మాత్రం జూన్ దాకా ఆగకుండా ఈ వారమే పెట్టించండి.

— ఓ తాత, పల్నాడు జిల్లా