వన్స్‌మోర్ అంటే తడబడ్డ కృష్ణుడు

సంపాదకులకు,

నమస్కారం. పోయిన నెల మా జిల్లాలోని ఒక పట్టణంలో, పురపాలక సంఘం వారి కళాక్షేత్రంలో శ్రీకృష్ణ రాయబారం చూశాను. పేరున్న సినిమా నటుడు ఒకరు కృష్ణుడి వేషం కట్టి ఊరూరా ఆడుతున్న నాటకం అది. టికెట్ 500 రూపాయలు. మా ఇంటి నుంచి నలుగురం వెళ్లాం. కారు కిరాయి సంగతి చెప్పను.

పడక సీను, అంటే యుద్ధంలో సాయం కోరి వచ్చిన అర్జునుడు, దుర్యోధనుడు కృష్ణుడు నిద్ర లేచే దాకా కాచుకునే ఘట్టం, బాగానే నడిచింది. కృష్ణుడు లేచాడు, ముందు అర్జునుడిని పలకరించాడు, తరువాత దుర్యోధనుడి వైపు తిరిగి ‘బావా’ పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఖంగుమంది. పద్యం ముగిసీ ముగియగానే వెనక వరసల నుంచి ‘వన్స్‌మోర్’ అని కేక లేచింది. గోదావరి జిల్లాల్లో నాటకం చూసిన వారికి ఈ కేక గురించి చెప్పనక్కర లేదు. నటుడికి అంతకు మించిన సన్మానం లేదు, శాలువాతో సహా. కృష్ణుడు చిరునవ్వు నవ్వి దండం పెట్టాడు. కేకలు ఆగలేదు, ఈలలు కూడా తోడయ్యాయి. ఆయన వేదిక పక్క తెర వెనక్కి ఒకసారి చూశాడు. అర నిమిషం నిశ్శబ్దం. పద్యం మళ్లీ మొదలైంది గాని, మొదలైంది ‘బావా’ పద్యం కాదు, దానికి ముందు అర్జునుడిని పలకరించే పద్యం! మైకుల దగ్గర కూర్చున్న కుర్రవాడు రికార్డును కాస్త ఎక్కువ వెనక్కి తిప్పినట్లున్నాడు. కృష్ణుడి చెయ్యి దుర్యోధనుడి వైపు, గొంతు అర్జునుడి వైపు. పాపం, ఆయన రెండడుగులు గబగబా వేసి అర్జునుడి ముందుకు చేరుకున్నాడు. హాలంతా నవ్వు. నా మనవరాలు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. వేదిక పక్కన కాలితో తొక్కే హార్మోనియం ఉంది, దాని ముందు వాయించే మనిషీ ఉన్నాడు. నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి. చుట్టుపక్కల పది ఊళ్ల నటులకు పద్యాలకు రాగాలు కట్టి నేర్పినవాడు. నాటకం అయ్యాక వెళ్లి అడిగాను. “పెట్టెకు మైకు పెట్టలేదండీ, కనపడేటట్టు తొక్కుతూ ఉండమన్నారు” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. కూలి డబ్బు చేతికి వచ్చిందట, అది సంతోషం.

ఈ ఉత్తరం ఆ నటుడిని తిట్టడానికి రాయడం లేదు. పెద్ద నటుల పేరు చెప్పి నాటకాన్ని అమ్మడం మనకు కొత్తా కాదు, తప్పూ కాదు. మన కాంట్రాక్టు నాటకాలన్నీ అలా నడిచినవే. కాంట్రాక్టరు ఒక్కొక్క నాటక సమాజం నుంచి పేరున్న వాళ్లను ఒక రాత్రికి మాట్లాడుకునేవాడు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు మరొక కృష్ణుడు. ఇద్దరిలో ఎవరు బాగా పాడారన్న తగవు తెల్లవారాక కాఫీ హోటళ్లలో వారం రోజులు నడిచేది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి వారి పేరు కరపత్రంలో కనిపిస్తే జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. రఘురామయ్య గారు సినిమాల్లో వేసి కూడా స్టేజీని వదల్లేదు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో వేషాలు వేసిన ఎస్వీ రంగారావు, అంజలీదేవి ఆ తరువాత సినిమాకు వెళ్లిన సంగతి అందరికీ తెలుసు. ఇటు నుంచి అటు వెళ్లిన దారిలోనే ఎవరైనా అటు నుంచి ఇటు వస్తానంటే ఎదురు వెళ్లి కాళ్లు కడిగి లోపలికి పిలవవలసిందే. ఆ రాత్రి హాలు నిండింది. పది పన్నెండేళ్ల పిల్లలు కూడా వచ్చారు. మా ఊరి సమాజం అదే నాటకం ఆడితే ముందు వరసలో నాలాంటి వాళ్లం ఇరవై మందిమి, వెనక వీధి కుక్కలు. ఈ తేడా నాకు తెలియకపోలేదు.

నా అభ్యంతరం ఒక్కటే. పాడతారని పిలిచి పాడకపోవడం.

పద్య నాటకంలో పద్యం మాటల మధ్య తగిలించిన పాట వంటిది కాదు. నాటకమంతా దాని మీదే నిలబడుతుంది. శార్దూల వృత్తంలోని పద్యం ఒక్కటే అయినా, ఆ పూట జనం వింటున్న తీరును బట్టి నటుడు ఒక పాదం దగ్గర ఆగుతాడు, ఒక మాటను రెండుసార్లు అంటాడు, చివర రాగం పెంచుతాడు, లేదా తుంచేస్తాడు. హార్మోనియం ఆయన వెనకే నడుస్తుంది, ఒక్కొక్కసారి ముందు నడిచి దారి చూపిస్తుంది. రాగం మరీ సాగదీసి కథను ముంచేస్తున్నారని మా నాన్నగారు గొణుక్కోవడం నాకు గుర్తుంది. ఆ గొణుగుడు న్యాయమే, ఒక్కొక్క కృష్ణుడు రాగం తీస్తుంటే దుర్యోధనుడు మంచినీళ్లు తాగి వచ్చేవాడు. అయినా ఆ ఎక్కువా తక్కువా ఆ రాత్రికి, ఆ ఊరికి, ఆ జనానికి చెందినవి. రికార్డుకు భీమవరమూ ఒకటే, అమలాపురమూ ఒకటే.

ఇంకొక మాట. ఈ పద్యాలు మన కాలవల నీళ్లు తాగి పుట్టినవి. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారిది ఇప్పుడు పూల మొక్కల నర్సరీలకు పేరుబడ్డ కడియం. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది మా భీమవరం పక్కనున్న యండగండి. వారి పాండవోద్యోగంలోని ఘట్టాలనే రాయబారంగా ఆడుతున్నాం. నా చిన్నతనంలో మా చేలో దమ్ము చేసే ఆసామి ఒకడు ‘జెండాపై కపిరాజు’ పద్యాన్ని ఎడ్లను అదిలించుకుంటూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ అందుకుంటూ పాడేవాడు. సంతకం చేయడం రాదు. గణాలు ఎక్కడా తప్పేవాడు కాడు. తెలుగు పంతులుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి నేను తరగతి గదిలో అంత బాగా ఆ పద్యం చెప్పానని అనుకోను.

ఆ పట్టణంలోని నాటక సమాజం వారు నాకు చెప్పినది ఏమిటంటే, తాము అదే హాలు అడిగితే పూర్తి అద్దె, కరెంటు ఖర్చు, జనరేటరు డీజిలు, ఊడ్పించినందుకు వేరే రుసుము కట్టించుకున్నారట. ఈ ప్రదర్శనకు మాత్రం కళాసేవ అని రాయితీ ఇచ్చారట. పైగా ఆ సమాజంలోని ఇద్దరు మంచి గాయకులకు ఈ నాటకంలో ద్వారపాలకుల వేషాలు దక్కాయి. ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. అందులో ఒకాయన ‘చెల్లియో చెల్లకో’ పాడగా నేను స్వయంగా విన్నాను. ఆ రాత్రి అదే పద్యం రికార్డులో వస్తుంటే ఆయన ఈటె పట్టుకుని రాతిబొమ్మలా నిలబడి ఉన్నాడు. ప్రజల డబ్బుతో కట్టిన హాలును రాయితీకి ఇచ్చేటప్పుడు, పద్యం వేదిక మీద పాడతారా లేదా అని ఒక్క ప్రశ్న అడగడానికి అధికారులకు అడ్డు ఏమిటి? ఏటా ఏప్రిల్ 16న కందుకూరి జయంతి నాడు నాటకరంగ దినోత్సవం అని దండలు వేసే వారికి ఈ ప్రశ్న తోచకపోవడం విచిత్రం.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. రెండేళ్ల కిందట వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో బ్రాడ్‌వే సంగీత నాటకం ఒకటి చూపించింది. టికెట్ ధర విని మా ఆవిడ అది ఎన్ని బస్తాల ధాన్యమో అక్కడికక్కడే లెక్కకట్టింది. అక్కడ అంతా ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోందని నేను అనను గాని, ఒక పద్ధతి నచ్చింది. నాటకం పేరు కన్నా పైన ఎవరి పేరు వేసి టికెట్లు అమ్మారో ఆ నటుడు ఆ రాత్రి రాకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. వేషం మరొకరు వేస్తున్నప్పుడు ఆ సంగతి ముందే ప్రకటిస్తారు. సినిమా తారలు స్టేజీ ఎక్కడం వాళ్లకూ మామూలే. యూల్ బ్రిన్నర్ అనే ఆయన ‘ది కింగ్ అండ్ ఐ’ అనే సంగీత నాటకంలో సయాం రాజు వేషాన్ని 1951లో మొదలుపెట్టి, సినిమాల్లో పేరు వచ్చాక కూడా మళ్లీ మళ్లీ ఊళ్లు తిరిగి ఆడాడు. 1985లో చివరి ఆట నాటికి 4,625 ఆటలు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు. మరి కొద్ది నెలలకు పోయాడు.

మన నటుల గొంతు అంతంత పద్యాలకు నిలవదు, షూటింగుల మధ్య సాధన చేసే తీరిక ఉండదు అంటారా, ఒప్పుకుంటాను. అందరూ పాడలేరు. అప్పుడు పాడగలవారిని పక్కన కూర్చోబెట్టండి. కూచిపూడిలో సత్యభామ వేషం కట్టేవారు ఒకరు, పాడేవారు మరొకరు. పాడేవారు వేదిక పక్కనే అందరికీ కనిపిస్తూ కూర్చుంటారు, ఎవరూ తప్పు పట్టరు. అలా చేస్తే మా హార్మోనియం ఆయన పెట్టెకు మైకూ వస్తుంది, ఈటె పట్టుకున్న గాయకుడికి నోరూ వస్తుంది, వెనక వరసవాడు వన్స్‌మోర్ అంటే పాడేవాడు నవ్వి మళ్లీ ఎత్తుకోనూ వచ్చు. నటుడి ముఖం ఎలాగూ పోస్టరు నిండా ఉండనే ఉంటుంది. అదీ కుదరదు, రికార్డే పెడతాం అంటే, నటుడి పేరు ఎంత అక్షరాల్లో వేశారో అంత అక్షరాల్లోనే ‘పద్యాలు రికార్డు చేసినవి’ అని పోస్టరు మీద, టికెట్టు మీద వేయండి. హాలు ఇచ్చే పురపాలక సంఘాలు, విరాళాలు పోగు చేసి నాటకం పెట్టించే గుడి కమిటీలు, ఖర్చు భరించే సాంస్కృతిక శాఖ ఈ ఒక్క షరతు పెడితే చాలు. తెలిసి కొనుక్కున్నవాడు తరువాత నాలా ఉత్తరాలు రాయడు.

ఈ గొడవ ఇప్పుడే ఎందుకంటే, సుబ్బారాయుడి షష్ఠి వస్తోంది. ఆ తరువాత సంక్రాంతి, భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు, శివరాత్రి. డెల్టాలో నాటకాలకు అసలు కాలం ఇదే. మా ఊరి షష్ఠికి ఈసారి స్థానిక సమాజాన్ని మానిపించి ఇదే బృందాన్ని పిలవాలని కమిటీలో కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు. పిలవవద్దని నేను అనలేదు. బయానా ఇచ్చే ముందు పాట సంగతి కాగితం మీద రాయించుకోండి అన్నాను. ‘మాస్టారూ, ఎవరు పాడితే ఏమిటండీ, ఆయన్ను చూడటానికే కదా జనం వస్తారు’ అని ఒకబ్బాయి అన్నాడు. నా దగ్గరే ఛందస్సు నేర్చుకున్నవాడు. కమిటీ సమావేశం వచ్చే ఆదివారం. ఈ ఉత్తరం ఆలోగా అచ్చయితే అక్కడ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా