వికీలో తగవు, పత్రికలో మూలం

సంపాదకులకు,

నమస్కారం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో నేను కొన్నేళ్లుగా తీరిక వేళల్లో వ్యాసాలు రాస్తున్నాను. అందులో ఎవరైనా ఏదైనా రాసేయవచ్చుననే మాట తరచు వింటుంటాను. రాయడానికి అడ్డు లేదు గానీ, రాసినది నిలవాలంటే దానికి మూలం చూపాలి. చూపని వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు పడుతుంది, ఆ తరువాత ఏదో ఒకరోజున వాక్యమే మాయమవుతుంది. మా వాడుకరుల మధ్య, అంటే వికీలో రాసే, దిద్దే వారి మధ్య, వచ్చే తగవుల్లో చాలావరకు ఈ మూలాల మీదివే. అవి తెగకపోవడంలో తెలుగు దినపత్రికలకూ కొంత భాగం ఉన్నదని చెప్పడానికే ఈ లేఖ.

నిరుడు ఒక పద్యనాటక నటుని వ్యాసం విషయంలో జరిగింది చెబుతాను. ఆయన సన్మాన సంచికలో పుట్టిన సంవత్సరం 1934 అని ఉంది. ఆయన కుమారుడు ఆ వ్యాసం బాగోగుల గురించి మాట్లాడుకునే చర్చా పేజీలోకి వచ్చి, అది బడిలో వేయించిన తేదీ అని, అసలు పుట్టింది 1932లో అని, జాతకచక్రం తన దగ్గరే ఉందని రాశారు. ఇంట్లో ఉన్న జాతకాన్ని మరొకరు సరిచూసుకోలేరు కాబట్టి అచ్చయిన సంచికకే కట్టుబడదామని ఒక వాడుకరి, కన్నకొడుకు మాట కాదని ఆ సంచికను పట్టుకు వేలాడడమేమిటని ఇంకొకరు, మూడు రోజులపాటు ఒకరి దిద్దుబాటును ఒకరు రద్దు చేసుకుంటూ పోయారు. ఆ గొడవలో నేను సంచికలోని అంకెను మళ్లీ ఎక్కిస్తూ 1934కు బదులు 1943 అని టైపు చేశాను. ఆ తప్పు పదకొండు రోజులు అలాగే ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఆ నటునిపై వ్యాసం వచ్చింది. అందులో రెండు పేరాలు వికీలోనివే, నా 1943తో సహా. ఎక్కడినుంచి తీసుకున్నదీ చెప్పలేదు. అదే వ్యాసంలో ఆయన 1952లో హరిశ్చంద్రుడి వేషం కట్టారని కూడా ఉంది కనుక, తొమ్మిదేళ్లకే కాటికాపరి అయినట్టు లెక్క తేలుతుంది. నేను తప్పు సరిదిద్దబోతే, కొత్తగా వచ్చిన వాడుకరి ఒకరు ఆ క్లిప్పింగు చూపి, ‘పత్రికలోనే వచ్చింది కదా, ఇంతకన్నా గట్టి మూలం ఉందా’ అని అడిగారు. వ్యాసపు చరిత్రలో ప్రతి మార్పుకూ తేదీ, సమయం ఉండబట్టి, ముందు పుట్టింది వికీలోని తప్పేనని చూపించి బయటపడ్డాను.

ఇది మన దగ్గర మాత్రమే జరిగే వింత కాదు. 2009 ఫిబ్రవరిలో జర్మనీలో త్సు గుట్టెన్‌బెర్గ్ ఆర్థిక వ్యవహారాల మంత్రి అయినప్పుడు, ఆయన బారెడు పేరులో ‘విల్‌హెల్మ్’ అనే లేని పేరును ఎవరో జర్మన్ వికీపీడియాలో చేర్చగా, పత్రికలు దానిని అలాగే అచ్చువేశాయి. దీనికి మూలమేదని వికీలో అడిగితే ఆ పత్రికా వార్తనే చూపారు.

తగవు ఇట్టే తెగిపోయే సందర్భాలూ ఉన్నాయి. 2016 అక్టోబరులో తెలంగాణలో, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు గ్రామాల వ్యాసాల్లో జిల్లాల పేర్లు మార్చవలసి వచ్చింది. 2011 జనగణన ఒక జిల్లా చెబుతుంటే ఊరి మొగలోని బోర్డు మరొకటి చెప్పేది; అయినా జీవో చూపగానే వాదం ముగిసేది, ఎందుకంటే దానికి నంబరు, తేదీ ఉంటాయి, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. పత్రికలోని వార్తకు ఆ ఆస్కారం లేకుండా పోతోంది. ఇవాళ ఇచ్చిన లంకె, పత్రిక వెబ్‌సైటు మారగానే పనిచేయడం మానేస్తుంది. పాత జిల్లా పేజీల సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పుణ్యాన స్వాతంత్ర్యానికి ముందటి ఆంధ్రపత్రిక, గోలకొండ పత్రిక సంచికలను పేజీ సంఖ్యతో సహా ఉదహరించగలుగుతున్నాం గానీ, 2009లో మా పక్క ఊరి చెరువుకట్ట తెగిన వార్తను చూపలేకపోతున్నాం. అటువంటి ఊళ్ల మీద పుస్తకాలు రావు. జిల్లా పేజీలో వచ్చిన నాలుగు వాక్యాలే దిక్కు.

అచ్చులో లేని విషయాలకు పెద్దల మాటలనే రికార్డు చేసి మూలంగా చూపే ప్రయత్నం ఒకటి 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో జరిగింది. నాకది నచ్చింది గానీ, నోటిమాటను మూలంగా ఒప్పుకోవడానికి వికీలో ఇప్పటికీ చాలామంది జంకుతారు, ఆ జంకు అకారణమనీ అనలేను. అందుకే ఆ నటుని కుమారునికి, జాతకం ఎవరైనా విలేఖరికి చూపి రాయించండని సలహా ఇచ్చాను; అంటే చివరకు ఆయన్ను మీ గుమ్మానికే పంపాను.

కనుక పత్రికల యాజమాన్యాలకు నా విన్నపం: వెబ్‌సైటు మార్చినా పాత వార్తల చిరునామాలు పనిచేసేలా చూడండి, జిల్లా పేజీలను కూడా భద్రపరచి ఎప్పుడైనా తెరిచి చూసుకునే వీలు కల్పించండి. వికీ నుంచి తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అయితే తీసుకున్నట్టు చెప్పాలని దాని లైసెన్సే కోరుతుంది; ఆ ఒక్క మాట రాసి ఉంటే మా కొత్త వాడుకరి ఆ క్లిప్పింగును మూలంగా తెచ్చి ఉండేవారు కాదు. ప్రస్తుతం వికీ వ్యాసంలో 1934 ఉంది, కుమారుని అభ్యంతరం చర్చా పేజీలో ఉంది. సవరణ వేయమని ఆ పత్రికకు నేను రాసిన ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
తెలుగు వికీపీడియా వాడుకరి,
తెనాలి