బైపాస్ అయినవారికి గ్రాఫ్ట్ కార్డు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

గుండెకు బైపాస్ ఆపరేషన్ అయ్యాక ఇక గుండెపోటు రాదని ఇక్కడ బెంగళూరులో మన తెలుగువాళ్లు చాలామంది ధీమాగా ఉంటారు. కానీ గుండెలో మూసుకున్న రక్తనాళాన్ని దాటి రక్తం వెళ్లేలా కుట్టే కొత్త దారి (గ్రాఫ్ట్) కూడా మూసుకుపోవచ్చు. కాలి నుంచి తీసి కుట్టిన సిరల్లో పదేళ్లకు దాదాపు సగం మూసుకుపోతాయి. ఛాతీ లోపలి ధమనితో వేసిన గ్రాఫ్టే ఎక్కువ కాలం నిలుస్తుంది. మా మామయ్యగారికి మళ్లీ పోటు వచ్చినప్పుడు పాత డిశ్చార్జ్ సమ్మరీలో ‘బైపాస్ చేశాం’ అని తప్ప ఏ గ్రాఫ్ట్ ఎక్కడ కలిపారో లేదు. యాంజియోగ్రామ్‌లో (గుండె రక్తనాళాలను చూసే ఎక్స్‌రే పరీక్ష) వాటిని వెతకడానికే చాలా సమయం పట్టింది. బయట మా టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రులే గ్రాఫ్టుల బొమ్మతో చిన్న కార్డు ఇచ్చేలా ఆరోగ్యశాఖ ఆదేశించాలి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు వచ్చినా నొప్పి లేకుండా ఆయాసం, చెమటలే రావచ్చు. దయచేసి గ్యాస్ అనుకుని ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు