హీస్ వనాలతో మన పరిచయం: 2024 వార్షిక నివేదిక

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే టార్టూలో జరుపుకున్నాం. హాలు దొరకడానికి పడ్డ టెన్షన్ మీకు తెలిసిందే. ఈసారి ఎక్కువ చెప్పుకోవాల్సింది అక్టోబరులో పలుకూలలోని ‘హీస్’ (పవిత్ర వనం) కొండకు వెళ్లిరావడం గురించి.

మనం ఉంటున్న ఎస్టోనియాలో ‘మావుస్క్’ అనే పాత విశ్వాసం మళ్లీ చిగురిస్తోంది. ‘మా’ అంటే నేల, ‘ఉస్క్’ అంటే నమ్మకం. 1930ల్లో ‘తారావుస్క్’ పేరుతో చదువుకున్నవాళ్లు ఒక ప్రయత్నం చేస్తే, సోవియట్ పాలన దాన్ని అణిచేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1995లో ఈ విశ్వాసుల సంఘం ‘మావల్లా కోడా’ ఏర్పడింది. వీళ్ల పంచాంగం హిమయుగం చివర్లో ఈ నేల నీళ్లలోంచి పైకి తేలినప్పటి నుంచి ఏళ్లు లెక్కపెడుతుంది. ఆ లెక్కన 2024 అంటే 10237!

వీళ్లకు గుడి లేదు. ‘హీస్’ అనే పవిత్ర వనమే గుడి. పలుకూల హీయెమాగి అలాంటి వనమున్న కొండే. 2000 తర్వాత అక్కడ క్రీడా కేంద్రం కట్టాలని చూస్తే, విశ్వాసులు ఏళ్ల తరబడి పోరాడి ఆపించారు. ఆ కొండ మీద నిలబడి ఆ సంగతి విన్నప్పుడు నాకు మాట రాలేదు.

మమ్మల్ని తీసుకెళ్లిన పెద్దాయన కొండ మొదట్లోనే ఆపేశారు. ముందు మనసు కుదుటపడాలి, వనానికి దండం పెట్టాలి, ఆ తర్వాతే లోపలికి. కొమ్మ విరవకూడదు, చెత్త వదలకూడదు. చెట్టుకు ముడి కట్టాలనుకుంటే ఊలు, నార దారాలే వాడాలి, ప్లాస్టిక్ పనికిరాదు. ఊటలో నాణెం వేయకుండా, వెండిని గీకి ఆ పొడి వేస్తారట. చెట్టుకు ముడుపు కట్టడం మనకు కొత్త కాదు, అయినా ఇంత నెమ్మదిగా కట్టడం నేర్చుకోవాల్సే వచ్చింది.

చలికాలం ముందు ‘హింగెదెయాగ్’ అని, చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజులు ఉన్నాయి. గోల చేయరు, వాళ్ల కోసం బల్ల మీద అన్నం పెడతారు. పెత్తరమాస అయిన కొద్ది రోజులకే అది విని, మాలో ఒక అమ్మమ్మ కళ్లు తుడుచుకున్నారు.

పిల్లలు తీసిన ఫొటోలను 2008 నుంచి జరుగుతున్న పవిత్ర స్థలాల ఫొటో పోటీకి పంపాలని కమిటీ తీర్మానించింది.

ఖర్చుల లెక్కలు సమావేశంలో చదివి వినిపిస్తాం. జూన్‌లో మళ్లీ వెళ్దాం. వచ్చేవాళ్లు జనవరిలోగా పేరు చెప్పండి, ఇంట్లో ఊలు దారం మిగిలి ఉంటే దాచి ఉంచండి.

— కార్యదర్శి