అమెరికా చూడాలంటే ముందు నెల చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు చూడదగ్గ ప్రదేశాల గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని నేనూ మావారూ ఆసక్తిగా చదివాం. న్యూయార్క్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా పేర్లన్నీ ఉన్నాయి, ఫొటోలు కన్నులపండువగా ఉన్నాయి. అయితే వాటిలో ఏది ఏ నెలలో చూడాలి, అక్కడికి కారు ఎవరు నడిపి తీసుకెళ్లాలి, అరవై దాటిన మనిషి ఎన్ని మెట్లు ఎక్కాల్సి వస్తుంది అన్న మూడు సంగతులూ అందులో కనబడలేదు. న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంటికి రెండుసార్లు వెళ్లివచ్చాక నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, ఏ ఊళ్లు చూడాలన్నది విమానం టికెట్టు కొన్నాక ఆలోచించే విషయం కాదు. టికెట్టు మీది తేదీలోనే సగం యాత్ర నిర్ణయమైపోతుంది.

మన ఇళ్లల్లో తల్లి మొదటిసారి అమెరికా వెళ్లేది సాధారణంగా ఊళ్లు చూడటానికి కాదు, కూతురికో కోడలికో పురుడు పోయడానికి. నేనూ అలాగే 2018 అక్టోబరు నెలాఖరులో వెళ్లాను. ప్రయాణపు తేదీని డాక్టరు చెప్పిన కాన్పు తేదీ నిర్ణయించింది, అందులో ఎవరి తప్పూ లేదు. కానీ నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక అక్కడ సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుందని, ఆ తరువాత మార్చి దాకా పెద్దవాళ్లు కాలు బయట పెట్టడానికే జంకుతారని మాకు ఎవరూ చెప్పలేదు. బాలింత పథ్యాలు, పసివాడి స్నానాలు, కిటికీలోంచి కనిపించే ఆకులు రాలిన చెట్లు, ఇంతే నేను చూసిన అమెరికా.

అత్తగారు వంటింటికే పరిమితమైపోతున్నారని మా అల్లుడు బాధపడి, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ సెలవుల్లో మమ్మల్నిద్దరినీ ఒక టూరు సంస్థ వారి బస్సు ఎక్కించాడు. తన సెలవులన్నీ కాన్పుకే ఖర్చయిపోయాయి. డల్లాస్ నుంచి మా ఆడపడుచు కూతురు వచ్చి ఆ సెలవు రోజుల్లో ఇల్లు చూసుకుంటానంది. మూడు రోజుల్లో నయాగరా, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ చూపిస్తామన్నారు, చూపించారు కూడా, బస్సు కిటికీలోంచి. నయాగరాలో జలపాతం అడుగుదాకా తీసుకెళ్లే ‘మెయిడ్ ఆఫ్ ద మిస్ట్’ పడవలు నవంబరు మొదట్లోనే ఆగిపోతాయట. మేము వెళ్లేసరికి అవి గట్టున ఉన్నాయి, తుంపర మొహాన మంచు సూదుల్లా గుచ్చుకుంటోంది. గైడుగారిని అడిగితే, మే నెలలో రావాల్సింది అన్నాడు. డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదని మావారు అడిగారు గానీ, అతను అప్పటికే తరువాతి మజిలీకి తలలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ యాత్రలో నన్ను నిజంగా బాధపెట్టింది నయాగరా కాదు, వాషింగ్టన్. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం ముందు మమ్మల్ని దించి ఒక గంట సమయం ఇచ్చారు. తనిఖీ వరుసలో, మరుగుదొడ్ల వరుసలో, ఇంత తినడంలో ముప్పావు గంట పోగా, కింది అంతస్తులో నిలబెట్టిన ఏనుగు బొమ్మను చూసి వచ్చేశాం. సరిగ్గా ఆ పై అంతస్తులో హోప్ వజ్రం ఉందని ఇంటికి వచ్చాక తెలిసింది. ఆ నీలి వజ్రం మన పల్నాడులోని కొల్లూరు గనుల నుంచి వెళ్లిందని పరిశోధకులు భావిస్తారు. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో దాన్ని పట్టుకుపోయి ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మాడు. ఎన్నో చేతులు మారాక 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి దాన్ని ఆ మ్యూజియానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. ఆ ప్రాంతపు మనిషిని, ముప్పై ఏళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఏడు సముద్రాలు దాటి వెళ్లి ఆ రాయికి ఒక అంతస్తు దూరం నుంచి తిరిగి వచ్చేశాను.

కనుక 2024లో రెండోసారి వెళ్లేటప్పుడు పద్ధతి మార్చాం. టికెట్టు కొనడానికి రెండు నెలల ముందే ఒక ఆదివారం వీడియో ఫోనులో కూర్చొని, క్యాలెండరు ఎదురుగా పెట్టుకొని, మొదట పిల్లల సెలవులు లెక్కపెట్టాం. ఇక్కడున్న తల్లిదండ్రులకు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో కూడిన సెలవులు ఇచ్చి తీరాలన్న కేంద్ర చట్టమేదీ లేదు. కంపెనీ దయతలచి ఇచ్చిన రెండు మూడు వారాలలోనే జ్వరాలు, పిల్లల బడి పనులు, ఇండియా ప్రయాణం అన్నీ సర్దుకోవాలి. మా అమ్మాయికి ఆ ఏడాది మిగిలినవి 12 రోజులు. ఆ అంకె విన్నాక, ‘మమ్మల్ని ఎక్కడికీ తిప్పడం లేదు’ అని చుట్టాలతో ఫోనులో వాపోయే హక్కు మాకు పోయింది. ఆ 12లో అయిదే మాకోసం అడిగాం. వాటిని కూడా మే నెలాఖరు సోమవారం, జూలై 4, సెప్టెంబరు మొదటి సోమవారం వంటి పండుగ సెలవులకు తగిలించకుండా మామూలు వారాల్లో పెట్టమన్నాం, ఎందుకంటే పండుగ రోజుల్లో హోటలు గదుల ధరలు, రోడ్ల మీద కార్ల బారులు రెండూ మోయలేనివి. ఏప్రిల్ మధ్యలో వెళ్లి సెప్టెంబరులో తిరిగి రావాలని అప్పుడు నిర్ణయించుకున్నాం. వీసా పదేళ్లది అయినా, దిగిన రోజు అధికారి నమోదు చేసే ఐ-94 గడువే మనం ఉండగలిగే కాలమన్నది మరవకూడదు. అది మామూలుగా ఆరు నెలలు.

తరువాత, పిల్లలు లేకుండా మేమిద్దరమే చూసి రాగలిగినవి ఏవో వేరుచేసుకున్నాం. కారు నడపడం రాని పెద్దవాళ్లకు అక్కడి శివారు కాలనీలు పంజరాల వంటివన్న మాట నిజమే. కానీ న్యూజెర్సీలో మా అమ్మాయి ఉండే ఎడిసన్ ఊరి పరిసరాల్లో ఉన్నవారికి రైలు ఉంది. మా అల్లుడు ఆఫీసుకు వెళ్తూ మెట్రోపార్క్ స్టేషనులో దించితే ముప్పావు గంట, గంటలో న్యూయార్క్ పెన్ స్టేషనులో ఉండేవాళ్లం. 62 ఏళ్లు నిండినవారికి న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలు ఛార్జీలో సగానికి పైగా తగ్గింపు ఉంది; మొదటి రెండుసార్లు ఆ సంగతి తెలియక పూర్తి డబ్బు పోశాం. అక్కడి నుంచి ఒకటో నంబరు సబ్‌వే రైలులో చివరి స్టేషను దాకా వెళ్తే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ రేవు వస్తుంది. ఆ నారింజరంగు పడవ ఎక్కడానికి ఎవరికీ డబ్బు అక్కరలేదు. దాదాపు 25 నిమిషాల ప్రయాణంలో లిబర్టీ విగ్రహం ముందు నుంచి సాగుతుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి, మరుగుదొడ్డి ఉంది. పులిహోర పొట్లం పట్టుకొని మేము దాని మీద అటూ ఇటూ మూడుసార్లు తిరిగాం. ఇంకోరోజు ఏడో నంబరు రైలులో న్యూయార్క్‌లోనే ఉన్న ఫ్లషింగ్ వెళ్లి, 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి ఆలయంలో అర్చన చేయించుకొని, కింది అంతస్తు క్యాంటీన్‌లో దోసెలు తిన్నాం. ఇంటి చిరునామా, పిల్లల ఫోను నంబర్లు కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకోవడం, పూటకు సరిపడా మందులు దగ్గర ఉంచుకోవడం తప్ప ఇందులో సాహసమేమీ లేదు.

లిబర్టీ విగ్రహం దగ్గరికి మాత్రం మనవడితో సహా అందరం వెళ్లాం. న్యూజెర్సీలో ఉన్నవారు మన్‌హట్టన్ వైపు నుంచి కాకుండా జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్కు నుంచి పడవ ఎక్కితే రద్దీ తక్కువ. కిరీటం దాకా ఎక్కాలన్న సరదా మావారికి ఉండేది. పీఠం పైనుంచి కిరీటానికి 162 ఇరుకైన మెలికల మెట్లు ఉన్నాయని, అక్కడ లిఫ్టు లేదని తెలిసి మానుకున్నారు. చాలామంది ఆ విగ్రహం దగ్గర ఫొటోలతో రోజంతా గడిపి, అదే టికెట్టు మీద చూడగలిగే ఎల్లిస్ ద్వీపాన్ని పడవలోంచే వదిలేస్తున్నారు. నా దృష్టిలో అసలు చూడవలసింది అదే. 1892 నుంచి 1954 దాకా సుమారు 1.2 కోట్ల మంది వలసదారులు ఆ ద్వీపం గుండానే అమెరికాలో అడుగుపెట్టారు. సామాన్లు కింద పెట్టి మెట్లెక్కి వచ్చేవారిని వైద్యులు పైనుంచి గమనించి, ఆయాసపడేవారి, కుంటేవారి కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసి పక్కకు పంపేవారట. ఆ హాలులో నిలబడినప్పుడు నాకు నెవార్క్ విమానాశ్రయంలో ‘ఎన్ని నెలలు ఉంటారు’ అని అడిగిన అధికారి, సమాధానం ఇంగ్లీషులో వల్లెవేసుకుంటూ నిలబడ్డ నేను గుర్తొచ్చాం. రెండున్నర గంటలున్నాం, మనవడు విసుక్కున్నా సరే.

నయాగరాకు జూన్‌లో వెళ్లాం. ఎడిసన్ నుంచి దాదాపు 400 మైళ్లు. ఒక్కరోజులో వెళ్లి రావాలని చూసే కుర్రవాళ్లు ఉన్నారు గానీ, పెద్దవాళ్లతో అది కూడని పని. దారిలో ఒక రాత్రి ఆగి, మరునాడు పొద్దున్నే మొదటి పడవ ఎక్కాం, తడిసి ముద్దయ్యాం. గుర్రపు లాడం ఆకారపు జలపాతం నిండుగా కనిపించేది కెనడా ఒడ్డు నుంచేనని అందరూ చెబుతారు, అది నిజమే. అయితే అమెరికా వీసా ఉన్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా వీసా విడిగా కావాలి. ఆ వంతెన దాటాలనుకునేవారు ఆ పని ఇక్కడ ఉండగానే చూసుకోవాలి.

వాషింగ్టన్‌కు ఈసారి రెండు పూర్తి రోజులు ఇచ్చాం. ఆ నేచురల్ హిస్టరీ మ్యూజియంతో సహా అక్కడి స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియాలకు ప్రవేశ రుసుము లేదు, డిసెంబరు 25న తప్ప సెలవు లేదు, నడవలేనివారికి చక్రాల కుర్చీ ఉచితంగానే ఇస్తారు. పార్లమెంటు భవనం నుంచి లింకన్ స్మారకం దాకా మ్యాపులో దగ్గరగా కనిపించే దూరం నిజానికి రెండు మైళ్ల పైమాటే, కనుక మేము ఒక రోజు మ్యూజియాలు, మరో రోజు స్మారకాలు అని విడదీసుకున్నాం. వజ్రం ముందు ఎంతసేపు నిలబడ్డానో లెక్కపెట్టలేదు. చిన్నదే, 45.52 క్యారట్లు. ముదురు నీలం. పక్కన నిలబడ్డ ఒక అమెరికన్ పిల్ల ఇది ఎక్కడిదని వాళ్ల అమ్మను అడిగింది. మా ఊరి దగ్గరదని చెప్పాను. వాళ్లు నమ్మారో లేదో.

మీ వ్యాసం ముఖచిత్రంగా వేసిన గ్రాండ్ కాన్యన్‌కు మేము వెళ్లలేదు. అయిదు రోజుల సెలవులో న్యూజెర్సీ నుంచి అయిదు గంటలకు పైగా విమానంలో లాస్ వేగాస్ చేరి, మళ్లీ కారులో నాలుగైదు గంటలు వెళ్లడం మా నడుములకు తగని పని అనిపించింది. వెళ్లేవారి కోసం ఒక్క మాట. గాజు వంతెన ఉన్న పడమటి అంచు హువాలపాయ్ తెగవారి భూమిలో ఉంది, జాతీయ పార్కు టికెట్టు అక్కడ చెల్లదు; అసలు పార్కు దక్షిణపు అంచు సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది, గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవారు డాక్టరును అడగకుండా వెళ్లరాదు. పైగా 2026 జనవరి 1 నుంచి గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ సహా 11 పార్కుల్లో అమెరికా నివాసులు కాని పెద్దలకు మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు. 62 ఏళ్లు దాటినవారికి చవక పాసు ఉందని మీ వ్యాసంలో రాశారు. అది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తుందని, పర్యాటక వీసా మీద వెళ్లే మనకు ఇవ్వరని దయచేసి సవరణ ప్రచురించగలరు.

అక్కడి తెలుగు సంఘాలకు కూడా మీ ద్వారా ఒక విన్నపం. మూడు రోజుల మహాసభలకు పెట్టే శ్రమలో పిసరంత పెట్టి, పనిదినాల్లో ఇళ్లల్లో ఒంటరిగా కూర్చునే తల్లిదండ్రులను పదిహేనుమందిని ఒక వ్యానులో ఎక్కించి, నెలకొకసారి ఒక్కటంటే ఒక్క చోటికి, తీరికగా తీసుకెళ్లే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. మా కాలనీలోనే అలాంటి జంటలు ఏడున్నాయి. సాయంత్రం నడకలో కలిసి, ఏమి చూశారంటే కాస్ట్కో సూపర్‌మార్కెట్ అని నవ్వేవారు.

మీరు ఈ శీర్షికను కొనసాగించదలిస్తే, ప్రతి ప్రదేశం పక్కనా అనువైన నెలలు, నడవవలసిన దూరం, మెట్ల సంఖ్య, కారు లేకుండా చేరే దారి అచ్చువేయమని కోరుతున్నాను. మా పక్కింటివారు వచ్చే నవంబరులో కోడలి పురుటికి బోస్టన్ వెళ్తున్నారు. నవంబరు ఎలాగూ తప్పదు కనుక తిరుగు టికెట్టు మార్చిలో కాకుండా మే మొదటి వారంలో తీసుకోమని, దిగినప్పుడు ఇచ్చే గడువు అందుకు సరిపోతుందో లేదో చూసుకోమని చెప్పి వచ్చాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సత్తెనపల్లి, పల్నాడు జిల్లా