ఎస్పీ రోడ్డులో కలిసిన ఆ అన్నకు

కళ్ళు మండుతున్నాయి, అయినా పడుకునే ముందే ఇది రాయాలి. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలన్నీ ఉన్న వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) తెల్లవారుజామున లేచింది. లేపింది పేరైనా చెప్పని ఒక మదనపల్లె మనిషి.

అందులో ఉన్నది రాకీ లినక్స్ 8 అనే ఆపరేటింగ్ సిస్టం. పాత సిస్టంలో వీఎంవేర్ మీద నడిచే దాన్ని కొత్త సిస్టంలో కేవీఎంకి మార్చాం. ఈ రెండూ వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్లు. రెండు డిస్కు ఫైళ్ళూ ఏ ఎర్రరూ లేకుండా కేవీఎం వాడే క్యూకౌ2 ఫార్మాట్‌లోకి మారాయి. ఆన్ చేస్తే మాత్రం ‘డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమౌట్’ అని వరసగా లైన్లు, చివరికి రూట్ వాల్యూమ్ లేదని ఆగిపోయింది. డిస్కు పోయిందనుకుని బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు పరిగెత్తా. రికవరీ షాపు కౌంటర్ దగ్గర ఫోన్లో ఫొటో చూపిస్తుంటే, పక్కన కేబుల్ కొంటున్న ఆయన తొంగి చూసి, "డిస్కు బాగానే ఉండాది అన్నా. దాన్ని చూసే డ్రైవరే లేదు. డబ్బులు కట్టొద్దు" అన్నారు.

లినక్స్ లేచేటప్పుడు ముందు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటను మెమరీలోకి ఎత్తుకుంటుంది. రాకీలో డ్రాకట్ అనే టూల్ ఆ మూటను అప్పుడున్న హార్డ్‌వేర్‌కు సరిపోయేంతే కడుతుంది. వీఎంవేర్ కంట్రోలర్ డ్రైవరు అందులో ఉంది, కేవీఎంకి కావలసిన వర్టియో డ్రైవరు లేదు. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడుగున ఉండే రెస్క్యూ ఎంట్రీలో మాత్రం డ్రైవర్లన్నీ ఉంటాయి. ఇదంతా ఆయన ఆ కౌంటర్ దగ్గరే నిలబడి చెప్పి, నంబరిచ్చి, "రాత్రి చెయ్యన్నా" అన్నారు.

రాత్రి 10కి ఫోన్లో మొదలుపెట్టాం. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ మా దగ్గర లేదు. ఏటా ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్టు) డబ్బు తీసుకునే సంస్థ దాన్ని మాకివ్వలేదు. టికెట్ పెడితే ‘మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోండి, డేటా మా బాధ్యత కాదు’ అని మూసేశారు. 140 ఫ్లాట్ల లెక్కలండీ అవి! మన మెషీన్ తాళం మన చేతిలో లేకపోవడం ఏం పద్ధతి?

అందుకని రెస్క్యూ ఎంట్రీ మీద ‘ఈ’ నొక్కించి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర పాస్‌వర్డ్ అడగకముందే బూట్‌ను మధ్యలో ఆపే ‘ఆర్‌డీ డాట్ బ్రేక్’ రాయించి, కంట్రోల్ ఎక్స్ కొట్టించారు. మన అసలు సిస్టం కనబడే సిస్‌రూట్ ఫోల్డరును రాయడానికి వీలుగా రీమౌంట్ చేశాక, సీహెచ్‌రూట్‌తో దాని లోపలికి వెళ్ళకముందే, డిస్కుల యూయూఐడీలు (మారని గుర్తింపు నంబర్లు) చూపించే బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టమన్నారు. లోపలికి వెళ్తే డెవ్ ఫోల్డరులో డిస్కులు కనబడవు. బూట్‌లో ఏ డిస్కులు ఎక్కించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైలులో రెండో డిస్కు పేరు ఎస్‌డీబీ1 అని ఉంది, కేవీఎంలో అది వీడీబీ1. అలాగే వదిలేస్తే నిమిషంన్నర ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది.

ఆ పేరు బదులు యూయూఐడీ పెట్టాలి, అది 36 అక్షరాలు. కాపీ చేయడానికి లేదు, కాగితం మీద రాసుకోవాలి. నేను చదువుతుంటే అటువైపు ఆయనా రాసుకున్నారు. ప్రతి అక్షరానికీ ఆగి, "బెల్లం బీనా, డబ్బా డీనా అన్నా?" అని అడిగారు. ఎఫ్‌ఎస్‌టాబ్‌లో టైపు చేశాక మొత్తం మళ్ళీ చదివించుకుని, ఆ డిస్కు దొరక్కపోయినా బూట్ ఆగకుండా పక్కన ‘నోఫెయిల్’ పెట్టించారు. పాస్‌వర్డ్ మార్చి, రూట్‌లో ‘డాట్ ఆటోరీలేబుల్’ అనే ఖాళీ ఫైలు పెట్టాం. ఎస్ఈలినక్స్ (లినక్స్ భద్రతా వ్యవస్థ) ఫైళ్ళకు వేసే లేబుళ్ళు సరిచేయడానికి చాలాసేపు పట్టింది. అది తనంతట తానే రీబూట్ అవుతుంది, అప్పుడు మళ్ళీ రెస్క్యూనే ఎంచుకోవాలి.

ఆ నిరీక్షణలో "ఇక మీరు పడుకోండి అన్నా, పొద్దున చూద్దాం" అన్నా. "లాగిన్ వచ్చేదాకా నాకూ నిద్ర పట్టదులే" అన్నారు. అప్పుడు ఏడుపాగలేదు నాకు.

చివరి మెట్టు డ్రాకట్. ఒట్టి ‘మైనస్ ఎఫ్’ ఇస్తే అప్పుడు నడుస్తున్న కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వెర్షన్‌కే మూట కడుతుంది. రెస్క్యూ అంటే మొదట ఇన్‌స్టాల్ చేసిన రోజునాటి కెర్నల్. అందుకే అన్ని కెర్నల్స్‌కూ కట్టేలా ‘రీజెనరేట్ ఆల్’ కలిపించారు. కొత్త మూటలో వర్టియో బ్లాక్ కనబడ్డాకే మామూలు ఎంట్రీతో బూట్ చేయనిచ్చారు. 3 దాటాక లాగిన్ వచ్చింది.

అన్నా, మీకు చేతులెత్తి దండం. ఇది మీదాకా వస్తే ఒక్కసారి ఇంటికి భోజనానికి రండి.

అమ్మకి, మా ఆవిడకి కూడా థాంక్స్. కౌంటర్ దగ్గర స్టూలు వేసి నీళ్ళిచ్చిన షాపు కుర్రాడికీ. అయ్యో, మరిచేపోయా: 1 గంటకు కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వేసిన మా వాచ్‌మన్‌కి, రాత్రంతా ల్యాప్‌టాప్ వదిలేసి వెళ్ళిన మూడో అంతస్తు కన్నడ టీచరుగారికి. ల్యాప్‌టాప్ పొద్దున 8కల్లా ఇచ్చేస్తాను మేడం.