కరెంటు, నీళ్లు కలిపిన అద్దెకు లెక్క రాయించండి: గృహ నిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మేము అపార్ట్‌మెంట్లలో సబ్‌మీటర్లు (ఒక్కో ఫ్లాట్ వాడకాన్ని విడిగా లెక్కించే చిన్న మీటర్లు) బిగించేవాళ్లం, అద్దె ఒప్పందాలు రాసేవాళ్లం, భవనాల నిర్వహణ లెక్కలు చూసేవాళ్లం. నగరాల్లో కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అన్నీ అద్దెలోనే కలిపి ఇచ్చే ఫ్లాట్ల గురించి రాస్తున్నాం. ఈ పద్ధతిని ఆపేయమని కోరడం లేదు. ఆరు నెలల పనికి వచ్చిన మనిషికి ఇంతకన్నా సులువైన ఏర్పాటు లేదు. మేము కోరేది ఇలాంటి ప్రతి ఒప్పందానికీ ఒక పేజీ అనుబంధం తప్పనిసరి చేయమని. ఏ సదుపాయం, నెలకు ఎంతవరకు, ఏ మీటరు మీద, పరిమితి దాటితే ఏ లెక్కన అన్నవి అందులో అంకెల్లో ఉండాలి.

ఇప్పటి ఒప్పందాల్లో చాలావరకు ఉండేది ఒక్క వాక్యమే: 'కరెంటు, నీటి ఛార్జీలు అద్దెలో కలిసి ఉన్నాయి.' ఏసీ వేసే నెల వచ్చేదాకా దానితో ఎవరికీ పేచీ లేదు. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి, రాత్రి ఎనిమిది గంటలు వేస్తే ఎనిమిది, పది యూనిట్లు, అంటే నెలకు 240 నుంచి 300. ఓనరేమో అద్దె ఖరారు చేసేటప్పుడు ఫ్యాన్లు, లైట్లు మాత్రమే లెక్కేసుకుని ఉంటాడు.

పరిమితి ఎంతన్నది గాల్లోంచి తీయనక్కర్లేదు, ఫ్లాట్‌లో ఉన్న సామానే చెబుతుంది. ఫ్రిజ్ రోజుకు దాదాపు ఒక యూనిట్. 15 లీటర్ల గీజరు నీటిని 40 డిగ్రీలు వేడెక్కించడానికి 0.7 యూనిట్, రోజుకు రెండుసార్లయితే నెలకు 42. 75 వాట్ల ఫ్యాన్లు మూడు, పదేసి గంటలు తిరిగితే నెలకు 67. లైట్లు, టీవీ, వాషింగ్ మెషీన్‌కు ఇంకో 20. ఏసీ లేని ఇంటికి మొత్తం 160 దగ్గర తేలుతుంది. ఈ పరిమితి వరకు ఖర్చు ఓనరుది, ఆపైన అద్దెకుండేవారిది. అప్పుడు ఓనరుకు 30 వాట్ల ఫ్యాన్లు పెట్టాలనిపిస్తుంది, అద్దెకుండేవారికి కిటికీలు మూసి ఏసీ వేయాలనిపిస్తుంది. అంతా ఒకరి నెత్తినే పడితే రెండోవారికి పొదుపు పట్టదు.

పరిమితిని నెలకు ఇన్ని అని కాక రోజుకు ఇన్ని అని రాయించండి. మీటరు రీడింగ్ ఒక్కోసారి 34 రోజులకు తీస్తారు. 160ని 30తో భాగించి 34తో గుణిస్తే 181. ఆ తేడాకే ఇళ్లలో గొడవలు.

పరిమితి దాటిన యూనిట్‌కు ధర దగ్గర అసలు చిక్కుంది. వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే స్లాబు పద్ధతి ఉన్నచోట, నాలుగు ఫ్లాట్లకు ఒకటే మీటరుంటే, ఫ్లాటుకు 150 చొప్పున వాడినా బిల్లు 600 యూనిట్ల స్లాబులో పడుతుంది. ఓనరు పై స్లాబు ధర అడుగుతాడు. కానీ ఉమ్మడి మీటరులో ఖరీదైన ఆ చివరి యూనిట్ ఎవరు వాడారో తేల్చలేం. కాబట్టి మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించగా వచ్చే సగటే న్యాయం. ఫ్లాట్‌కు సొంత కనెక్షన్ ఉంటే మాత్రం ఓనరు మాటే సబబు: వచ్చిన బిల్లులోంచి పరిమితి మేరకు అయ్యే బిల్లు తీసేసి మిగిలింది వసూలు చేసుకోవచ్చు. రెండు సూత్రాలూ అనుబంధంలోనే అచ్చువేయించండి.

ఇల్లు అప్పగించే రోజు మీటరు నంబరు, రీడింగ్ కనిపించేలా ఫొటో తీసి ఇద్దరూ సంతకం చేయాలి. అదే రోజు ఒక పరీక్ష కూడా పెట్టించండి. ఫ్లాట్ మెయిన్ స్విచ్ ఆపాక కూడా మీటరు మీది ఎర్రలైటు మినుకుతుంటే, మీటరు దాటాక వైరు ఇంకెక్కడికో పోతోందన్నమాట. చాలాసార్లు అది మెట్ల లైట్లకో నీటి మోటారుకో వెళ్తుంది. మోటారు ఒక హార్స్‌పవర్‌దైతే గంటకు దాదాపు ఒక యూనిట్ ఆ ఫ్లాట్ ఖాతాలో పడుతుంది. మీటరు సరిగా తిరుగుతోందో లేదో తెలియాలంటే మిగతావన్నీ ఆపి వెయ్యి వాట్ల హీటరు ఒక్కటే ఆరు నిమిషాలు వేయాలి. మీటరు మీద 3200 అని, అంటే యూనిట్‌కు 3200 మినుకులని ఉంటే, లైటు 320 సార్లు మినుకాలి. వోల్టేజీని బట్టి కాస్త అటూఇటూ అయినా, 400 దాటితే మీటరు మార్చాల్సిందే.

నీళ్లకు ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు. పాత భవనాల్లో పైట్యాంకు నుంచి వంటగదికొక పైపు, ఒక్కో బాత్రూముకొక పైపు దిగుతాయి, ఒక్క మీటరుతో ఫ్లాట్ వాడకం తెలియదు. పైగా నీళ్లు ఆగి ఆగి వచ్చే లైన్లలో గాలి తోసినా మీటరు తిరుగుతుంది. అలాంటిచోట మనిషికి ఇంత అని పంచడమే మేలు. ఫ్లష్ ట్యాంకు లీకు రోజుకు వందల లీటర్లు మింగగలదు. ట్యాంకులో రంగు కలిపి ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా చూస్తే, కమోడ్‌లోకి రంగు దిగితే లీకున్నట్టే. ఫిర్యాదు రాసిచ్చిన రోజు నుంచి ఆ నీటి ఖర్చు ఓనరుదే కావాలి. ఇంటర్నెట్‌కు వేగం, ఖాతా ఎవరి పేరున అన్న రెండు వివరాలు చాలు.

జర్మనీలో 1981 నుంచి ఒక నిబంధన ఉంది. ఉమ్మడి హీటింగ్ ఖర్చులో 50 నుంచి 70 శాతం మీటరు వాడకాన్ని బట్టి, మిగతాది విస్తీర్ణం వంటి స్థిర కొలతను బట్టి పంచాలి. వాడకాన్ని బట్టి లెక్క వేయకపోతే అద్దెకుండేవారు తమ వాటాలో 15 శాతం కోసుకోవచ్చు. మాకు నచ్చింది ఈ కోతే. అనుబంధం లేని ఒప్పందాలకు అలాంటిదే పెట్టండి.

కనెక్షన్ ఓనరు పేరున ఉండి, ఆయన బిల్లు కట్టకపోతే, అద్దె సక్రమంగా కట్టినవారింట్లో దీపం ఆరుతుంది. అప్పుడు వారే బకాయి కట్టి అద్దెలో మినహాయించుకునే హక్కు రాయండి. అద్దె తగాదాల్లో కరెంటు, నీళ్లు ఆపడాన్ని నేరుగా నిషేధించండి. ఖాళీ చేసేటప్పుడు చివరి బిల్లు ఇంకా రాలేదని డిపాజిట్ పట్టి ఉంచడం మామూలైపోయింది. చివరి రీడింగ్‌కు గత నెల సగటు ధర కట్టి అదే రోజు తేల్చేయొచ్చు.

ఉమ్మడి మీటరున్న పాత భవనాలకు మాత్రం ఒక ఏడాది గడువివ్వండి. సబ్‌మీటరు బిగించడం పూటపని. దానికి ముందు ఫ్లాట్ల న్యూట్రల్ వైర్లు (ఫేజు వైరులో వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే వైర్లు) విడదీయాలి, కాలం పట్టేది అక్కడే. ఇప్పటి మీటర్లలో చాలావరకు ఫేజు, న్యూట్రల్‌లలో ఏ కరెంటు ఎక్కువైతే దాన్నే లెక్కిస్తాయి. న్యూట్రల్ కలిసి ఉంటే పక్కింటి వాడకం మన మీటరు మీద పడుతుంది. కాబట్టి న్యూట్రల్ విడదీసినట్టు ఎలక్ట్రీషియన్ సంతకం లేకుండా ఏ సబ్‌మీటరు రీడింగూ చెల్లదని ఉత్తర్వులో చేర్చగలరు.

భవదీయులు,
సబ్‌మీటర్ల ఎలక్ట్రీషియన్లు, ఒప్పంద లేఖకులు, భవన నిర్వాహకులు